జూలై ఒకటిన పుట్టినవాళ్లు

నరహరి సారు తన ఎనభై నాలుగో ఏట, హనుమకొండ నడిబజారులో, తాను ఇరవై ఒకటి దాటిన మనిషినేనని రుజువు చేసుకోవలసి వచ్చింది.

వైన్ షాపు ముందు వరస. ఆ వరసలో ఆయనకు ముందున్న పెద్దమనిషికి నోట్లో పన్ను లేదు. ఆ ముందాయన మనవరాలి పెళ్లి శుభలేఖలు చంకన పెట్టుకుని వచ్చాడు. అందరికన్నా ముందున్నాయన చేతికర్ర మీద ఒరిగి రొప్పుతున్నాడు. అందరూ బుద్ధిగా చూపుడువేలు చొక్కాకు తుడుచుకుంటున్నారు, ప్రార్థన గంటకు గోళ్లు చూపించే ఒకటో తరగతి పిల్లల మాదిరిగా. ఉద్యోగకాలమంతా బడి నడిపిన నరహరి సారుకు ఆ వరసను చూస్తే ఒళ్లు మండింది. ఒక్కడికీ సిగ్గు లేదు. సీసా దొరుకుతుందంటే పాలపీక నోట్లో పెట్టుకోమన్నా పెట్టుకునేట్టున్నారు.

"పెద్దాయనా, కార్డు ఈడ పెట్టు. ఏలు ఆడ పెట్టు," అన్నాడు కౌంటర్లోని మనిషి, తల ఎత్తకుండా.

"నాకు ఇరవై ఒకటి నిండలేదని అనుమానమా నీకు?"

"నాకెందుకుంటది అనుమానం? నా అనుమానంతోని పనిలేదని సర్కారే చెప్పింది. మిషన్‌కు చెప్పుకో."

నరహరి సారు వేలు పెట్టాడు. గోరు చుట్టూ నీలం వెలుగు పాకింది. అద్దం మీద ఎనభై నాలుగు అని పడింది, కార్డు మీదా అంతే ఉంది, పచ్చ దీపం వెలిగింది. కౌంటర్లోని మనిషి సీసా కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఆయన పుట్టిన గడియ జాతకంలో రాసి ఉంది కాబట్టి ఆయన లెక్కకు ఢోకా లేదు. ఆ యంత్రాన్ని తయారుచేసింది తన కూతురేనని మాత్రం ఆయన ఆ వరసలో ఎవరికీ చెప్పలేదు. చెప్పుకుంటే పరువు పోతుందనుకున్నాడు.

ఈ గొడవంతా మొదలైంది ఒక చెట్టు దగ్గర. కాలేజీ పిల్లలు కొందరు పూటుగా తాగి కారును చెట్టుకు గుద్దారు. పిల్లలు బతికారు, చెట్టు పోయింది. ఇరవై ఒకటి నిండనివాళ్లకు సీసా ఎట్లా అమ్మారని పేపర్లు గోల పెడితే, సర్కారు ఒక సంఘం వేసింది. ఆ సంఘం చాలాకాలం ఆలోచించి, కొనడానికి వచ్చిన ప్రతి మనిషీ వయసు నిరూపించుకోవాలని తేల్చింది. తల నెరిసినవాళ్లను వదిలేయవచ్చు కదా అని ఎవరో అడిగారట. ఎవడు ముసలివాడో ఎవడు కుర్రవాడో తేల్చే అధికారం షాపువాడికిస్తే వాడు లంచం తింటాడని సంఘం భయపడింది. అందుకని ఆ అధికారం ఎవడి కళ్లకూ లేకుండా చేశారు.

కార్డులు దొంగవి పుట్టించుకోవచ్చు. కాబట్టి ఒంటినే అడగాలి. ఒంటిని అడిగే యంత్రం ఒకటి హనుమకొండలోనే ఒక సర్కారు ప్రయోగశాలలో తయారై మూలన పడి ఉందని అప్పుడు ఎక్సైజు వాళ్లకు తెలిసింది.

*

సారు ఆ సీసా ఇంట్లో పెట్టి, ఆ కోపంతోనే తిన్నగా కూతురి ప్రయోగశాలకు వెళ్లాడు. గేటు దగ్గర కొమ్మాలు ఎదురొచ్చి చేతిలో గొడుగు అందుకున్నాడు. కొమ్మాలు అక్కడ అటెండరు, ఒకప్పుడు సారు దగ్గర చదువుకున్నవాడు. సారు చెబితేనే ఆ ఉద్యోగం దొరికింది.

"మేడం లోపల ఉన్నది సారూ. ఎవరో ఆడపిల్లను తీసుకొచ్చిండ్రు. జర నిమ్మళంగ పోండ్రి," అన్నాడు.

లోపల కూతురు సుభాషిణి ఒక బక్కపిల్ల వేలును యంత్రంలో పెట్టి, ముక్కు చివర కళ్లద్దాలతో అద్దంకేసి చూస్తోంది. పక్కన పిల్లల సంరక్షణ శాఖ ఆవిడ కూర్చుని ఉంది. ఊరవతల పత్తి మిల్లులో దొరికిందట ఆ పిల్ల, పేరు జమున. మిల్లు కాగితంలో పద్దెనిమిదేళ్లని రాసి ఉంది. అట్లా రాసి ఉంటే ఆ పిల్లను వాళ్లు ఎంతసేపైనా నిలబెట్టి పని చేయించుకోవచ్చు.

"ఈ పిల్ల కూడా సీసా కోసమేనా వచ్చింది?" అన్నాడు నరహరి సారు.

సుభాషిణి తల తిప్పలేదు. "బాపూ, ఈ మిషన్ నేను చేసిందే ఇసుంటి పిల్లల కోసం. వీళ్ల శాఖకు పైసల్లేవు. ఎక్సైజోళ్లకు ఉన్నయి. నేనేం చెయ్యాలె?"

"మనిషి తాగడానికి పనికొస్తడా లేదా అని చెప్పే మిషన్ చేసిన శాస్త్రవేత్తవు. నీకు బిరుదు ఇయ్యాలె."

ఆమెకు ఈ ఎత్తిపొడుపులు కొత్త కాదు. మాట మార్చడానికి ఆయన వేలునే లాగి యంత్రంలో పెట్టి, పక్కనే జమున వేలు పెట్టి, తెర మీద రెండు మెరుపులనూ చూపించింది. తోలు అడుగున ఉండే మాంసకృత్తులకు పుట్టిన దగ్గరినుంచీ కొంచెం కొంచెంగా చక్కెర అంటుకుంటుంది, అది పసుపెక్కుతుంది, నీలం వెలుగు పడితే మెరుస్తుంది. జమున మెరుపు సన్నటి గీత. సారు మెరుపు తెరంతా నిండిపోయింది.

"అంటే మనిషి ఎంత మాసిండో చూస్తదన్నమాట," అన్నాడాయన.

"అంతే. కాకపోతే ఇది మందులకు లొంగది, కాయితాలకు లొంగది. లంచం తినది. ఆర్నెల్లు అటోఇటో, అంతకుమించి తప్పది."

తెర మీద జమునకు పదిహేను అని పడింది. శాఖ ఆవిడ ఊపిరి వదిలి, కాగితం మీద సంతకం తీసుకుంది. కోర్టు ఈ యంత్రం మాటను సాక్ష్యంగా తీసుకుంటోంది కాబట్టి జమున ఇక మిల్లుకు పోనక్కరలేదు, బాలికల వసతిగృహంలో ఉండి చదువుకోవచ్చు. ఆ సంగతి చెబితే పిల్ల ఏమీ సంతోషపడలేదు.

"నాకు పదిహేనా?" అంది వేలు చూసుకుంటూ. "మా మేస్త్రీ ఎంతంటె గంత అనుకున్న. తాతా, నీకెన్ని?"

"ఎనభై నాలుగు."

"అబ్బో. గిన్నేండ్లు ఏం చేసినవ్?"

ఎవరి ప్రశ్నకైనా వెటకారంతో బదులిచ్చే నరహరి సారు, ఆ రోజు గొడుగు తీసుకుని ఊరికే ఇంటికి వచ్చేశాడు. మరుసటి శనివారం వసతిగృహానికి వెళ్లి, ఖాళీగా ఉన్నాను, లెక్కలు చెబుతానన్నాడు. అప్పటినుంచి ప్రతి శనివారమూ వెళ్లాడు. మిల్లులో నూలు కండెలు లెక్కబెట్టీ లెక్కబెట్టీ జమునకు ఎక్కాలు నోటికి రాకపోయినా గుణకారాలు వేళ్ల మీద వచ్చేవి. భిన్నాలు దానికి నచ్చలేదు. సగం మనిషి, పావు మనిషి ఉండరు గద సారూ అని వాదించేది. తన బళ్లో ఎదురు మాట్లాడిన పిల్లలను మోకాళ్ల మీద కూర్చోబెట్టిన సారు, ఆ పిల్ల వాదిస్తుంటే లోలోపల మురిసిపోయాడు.

*

యంత్రాలు ఊరూరా వైన్ షాపులకెక్కిన కొద్దికాలానికే ఒక వింత బయటపడింది. కుర్రవాళ్ల విషయంలో చిక్కేమీ లేదు. ఆస్పత్రుల్లో పుట్టినవాళ్లు వాళ్లు, వేలూ కార్డూ ఒకటే మాట చెప్పేవి. యాభై దాటినవాళ్లు వస్తేనే ఎర్రదీపం. కార్డు యాభై ఏడంటే వేలు అరవై అనేది. కార్డు యాభై ఐదంటే వేలు యాభై ఎనిమిది. ఆ మనిషి, ఆ కార్డు ఒకటి కాదని యంత్రం తీర్మానించి సీసా ఆపేసేది. ఆపి ఊరుకోదు, దొంగకార్డు అనుమానం అని పైకి కబురు పంపేది.

ఆ కబుర్లన్నిటినీ ఎవరో కుర్ర అధికారి ఓపికగా చూశాడు. ఎర్రదీపం పడినవాళ్లలో ఎక్కువమంది జూలై ఒకటిన పుట్టారు. తహసీల్దార్లు, ఇంజనీర్లు, పోలీసులు, పంతుళ్లు, అందరి తల్లులూ కూడబలుక్కుని అదే రోజున నొప్పులు పడ్డట్టు.

ఇందులో రహస్యమేమీ లేదు, ఆ తరంలో అందరికీ తెలిసిందే. పుట్టినరోజు తల్లికే గుర్తుండదు. ఎనిమిదేళ్లదాకా గొర్రెల వెంట తిరిగినవాణ్ని తండ్రి ఒకరోజు చెవి పట్టుకుని బడికి లాక్కొచ్చేవాడు. ఒకటో తరగతిలో చేర్చుకోవాలంటే ఐదేళ్లని వేయాలి. హెడ్మాస్టరు వాడి ముఖంలోకి చూసి, నోటికొచ్చిన ఏడాది వేసి, జూలై ఒకటి అని రాసి పారేసేవాడు. రేపు వాడికి సర్కారు నౌకరీ వస్తే మూడేళ్లు ఎక్కువ జీతం తింటాడు, తిననీ. కొలువు చేసినవాళ్లంతా ఆ దయ తిన్నవాళ్లే. ముల్కలగట్టు బళ్లో హెడ్మాస్టరుగా ఆ దయ పంచినవాడు నరహరి సారే. తన కూతురికి మాత్రం పుట్టిన రోజే రాశాడు. సొంత బిడ్డకు దొంగలెక్క రాసుకున్నాడని ఊళ్లో ఎవడూ అనకూడదని ఆయన పట్టుదల.

ఇక చూడాలి ఆఫీసర్ల అవస్థ. అరవై ఒకటి దాటితే ఇంటికి పోవలసినవాళ్లు వాళ్లు, వేలు పెట్టారా దొరికిపోతారు. జిల్లాలో పెద్దపెద్దవాళ్లు హఠాత్తుగా మానేశారు. ఒకాయనకు గుండెనొప్పి వచ్చిందన్నారు, ఒకాయన మాల వేసుకున్నాడన్నారు. మిగిలినవాళ్లు డ్రైవర్లను పంపి తెప్పించుకుని తలుపులేసుకుని తాగారు. డ్రైవర్ల వేళ్లకు భయం లేదు, వాళ్లు కాంట్రాక్టు మనుషులు. మొత్తానికి సర్కారును నడిపిస్తున్న పెద్దలందరూ తమ వేలును తామే జేబులో దాచుకుని తిరిగారు.

దొరికింది కొమ్మాలు.

కొమ్మాలు జన్మలో సీసా ముట్టినవాడు కాదు. వాళ్లమ్మ చనిపోయింది. మూడోనాడు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తారు. ముసలమ్మకు ఆఖరి రోజుల్లో కాళ్లు గుంజుతుంటే రోజూ మూతెడు బ్రాందీ పోసేవారు. అది అలవాటైంది. ఆ బ్రాందీ విస్తరి పక్కన ఉండాలి కదా అని గుండు తల మీద తువాలు చుట్టుకుని కొమ్మాలు తానే వెళ్లాడు. కార్డు యాభై తొమ్మిదంది. వేలు అరవై రెండంది.

వారం తిరక్కుండా కాగితం వచ్చింది. తప్పుడు వయసుతో కొలువులో ఉన్నందుకు తక్షణం తొలగింపు, పింఛను నిలిపివేత. డ్రైవరు లేని ఉద్యోగి అతనొక్కడే కాబోలు. విచారణ సంఘం వేశారు, కొమ్మాలుదే మొదటి కేసు. ఇదొక్కటి ఎటు తేలితే మిగతావన్నీ అటే.

కొమ్మాలు సారు ఇంటికొచ్చి గడప బయట కూర్చున్నాడు, లోపలికి రమ్మన్నా రాలేదు.

"పిట్ట ముట్టలే సారూ," అన్నాడు ముందుగా. ఉద్యోగం సంగతి తర్వాత చెప్పాడు. "నేనేం దొంగతనం చేసిన? ఆ తారీకు నేను రాసుకున్ననా? నాకప్పుడు అక్షరమే రాకపాయె."

"నేను రాసిన."

"నిన్న ఆఫీసరు ఒకాయన పిలిచిండు. మీ సారుతోని ఆ తారీకు నిజమేనని ఒక్క మాట చెప్పిచ్చుకో, అప్పుడు మిషన్‌దే తప్పయితది, నీ కొలువు నీకే అన్నడు. పింఛను రాకపోతె నేనూ నా ముసల్దీ ఏం తినాలె సారూ."

కొమ్మాలు ఏడవలేదు. గుండు మీద అప్పుడప్పుడే వస్తున్న తెల్లవెంట్రుకలను అరచేత్తో రుద్దుకుంటూ కూర్చున్నాడు. ఎనిమిదేళ్లప్పుడు బడి గడప దగ్గర అచ్చం అట్లాగే కూర్చుంటే, పైకిరా అని చెయ్యి పట్టుకుని లేపింది నరహరి సారే.

*

"మీరు పోయి అబద్ధం చెప్తరా?" అంది సుభాషిణి. పొద్దున కాఫీ దగ్గర మొదలైంది వాదన.

"వాడి కడుపు కొట్టమంటవా?"

"కొమ్మాలు కోసం నేను తిరగని ఆఫీసు లేదు. పింఛను ఇయ్యుండ్రి, చిన్నప్పుడు ఎవరో రాసిన తారీకుకు ఆయనది తప్పు కాదు అని మొత్తుకున్న. మీరు కూడా అదే చెప్పుండ్రి. నేనే తప్పు రాసిన, వాణ్ని వదిలిపెట్టుండ్రి అని చెప్పుండ్రి."

"చెప్తే వదిలిపెడ్తరా? ఆ కుర్చీల్ల కూసున్నోళ్లు నాకు ఎరుక లేరా? నిజం చెప్తే వాళ్ల కొలువులు కూడ పోతయి. నా నోట్లనుంచి వాళ్లకు కావాల్సింది ఒక్కటే మాట."

"అందుకే చెప్పొద్దంటున్న. మిషన్ తప్పని కాయితం మీద ఒక్క ముక్క పడితే చాలు బాపూ. ఎంత తప్పు, ఎటు తప్పు అని ఎవడూ అడగడు. ఆ మిల్లు వకీలు దానికోసమే కూసున్నడు. జమున ఒక్కతే కాదు, మిల్లులల్ల, ఇటుక బట్టీలల్ల ఎంతమంది పిల్లలున్నరో మీకు తెలుసా?"

నరహరి సారు నవ్వాడు. కూతురు ఎంత చదివినా లోకం తెలియని మనిషని ఆయన నమ్మకం. "నేను చెప్పేది ముసలోళ్ల సంగతి. పదిహేనేండ్ల పిల్లకు దానికి ఏం సంబంధం? నువ్వు నీ డబ్బాను కాపాడుకోవాలని ఆ పిల్లను అడ్డం పెడుతున్నవ్."

సుభాషిణి గ్లాసు కింద పెట్టింది. "ఊరందరికి మూడేండ్లు దానం చేసిండ్రు. బిడ్డకు మాత్రం నిజం రాసిండ్రు. ఎందుకో ఇన్నేండ్లు నేను అడగలే. నిజమంటే మీకు గౌరవం కాబట్టి రాసిండ్రని అనుకున్న."

ఆయన లేచి ధోవతి సరిచేసుకున్నాడు. ఆడపిల్ల మాటలకు బదులు చెప్పడం ఆయనకు చిన్నతనం.

*

విచారణ కలెక్టరేటులో పెద్ద హాల్లో పెట్టారు. బల్ల వెనక సంఘం పెద్దలు వరసగా కూర్చున్నారు. జుట్టుకు కొత్తగా వేసిన రంగు నుదుళ్ల మీదికి కారుతోంది కొందరికి. ప్రతివాడి ముందూ పేరుచెక్క, నీళ్లసీసా. ఒక్కొక్కడి ముఖమూ చూసి నరహరి సారు వయసు కట్టాడు. ఇంతకాలం పిల్లల ముఖాలు చూసి వయసు తగ్గించి రాసిన చేయి అది, ఎవడెంత దాచాడో ఇట్టే పట్టేయగలడు. అధ్యక్షుడు ఎప్పుడో ఇంటికి పోవలసినవాడు. ఇట్లాంటి మనుషుల ముందు చేతులు కట్టుకుని నిలబడటానికి ఆయనకు అసహ్యం వేసింది. ఆ అసహ్యంలోనే ఒక ధీమా కూడా ఉంది. ఈ వెధవలను తానొక్క మాటతో ఆడించగలడు.

"మాస్టారూ, ఈ కొమ్మాలు పుట్టినతేదీ రాసింది మీరేనా?" అధ్యక్షుడి గొంతులో ఎంతో వినయం.

"నేనే."

"ఏ ఆధారంతో రాశారు?"

వెనక వరసలో సుభాషిణి కూర్చుని ఉంది. ఇంకా వెనక, గోడవార, నల్లకోటు మడిచి ఒడిలో పెట్టుకున్న మనిషి ఒకడు దాని మీద కాగితం పరుచుకుని ఉన్నాడు. కొమ్మాలు చేతులు జోడించి నిలబడ్డాడు. నరహరి సారు కొమ్మాలును మాత్రమే చూశాడు.

"తల్లిని అడిగి రాసిన. పొలంల నాట్లేసేటప్పుడు పుట్టిండని చెప్పింది. దగ్గరుండి లెక్కగట్టి రాసిన. ఒక్కరోజు అటోఇటో తప్పితే తప్పచ్చు గని, మూడేండ్లు తప్పేటంత గుడ్డివాణ్ని కాదు నేను."

"మిగతా పిల్లలకు కూడా అంతేనా?"

"అందరికీ అంతే."

"మరి యంత్రం మూడేళ్లు తేడా చూపిస్తోందంటే?"

"యంత్రం తప్పు."

హాలంతా ఒక్కసారిగా కదిలింది. కుర్చీల్లో బిగుసుకున్న వీపులన్నీ వదులయ్యాయి. నీళ్లసీసాల మూతలు తెరుచుకున్నాయి. అధ్యక్షుడు సుభాషిణిని లేవమని, మీ తండ్రిగారి మాట విన్నారు కదా, మీరేమంటారు అని అడిగాడు.

"మిషన్ తప్పు చెప్పదు," అంది ఆమె. తండ్రి ముఖంలోకి సూటిగా చూసి మళ్లీ అదే మాట అంది. ఇంకేమైనా అంటుందేమోనని అందరూ చూశారు. ఆమె కూర్చుంది.

"ఒక యంత్రాన్ని నమ్మాలా, తరాలకు అక్షరాలు నేర్పిన గురువును నమ్మాలా అన్నదే మన ముందున్న ప్రశ్న," అన్నాడు అధ్యక్షుడు. అంత గంభీరంగా ఆయన జీవితంలో ఎప్పుడూ మాట్లాడి ఉండడు. ఎవరో చప్పట్లు కొట్టారు. నల్లకోటు మనిషి కలం మూత పెట్టి, అందరికన్నా ముందు బయటికి నడిచాడు.

*

ఉత్తర్వు చకచకా వచ్చింది. తమ కుర్చీల సంగతైతే సర్కారు ఎంత చురుగ్గా పనిచేయగలదో అప్పుడు తెలిసింది. యంత్రం లెక్క మూడేళ్లు అటూఇటూ తప్పవచ్చుననీ, ఆ తేడాను అన్నిచోట్లా, అందరికీ మన్నించాలనీ అందులో ఉంది. యాభై దాటినవాళ్లు వేలు పెట్టనక్కరలేదని కూడా ఉంది. దేశంలో ఎవడికైనా మొదటిరోజే తట్టవలసిన ముక్క అది. అయితే మూడేళ్ల మన్నింపు పుణ్యమా అని పద్దెనిమిదేళ్లవాళ్లు కూడా ఇరవై ఒకటని దొంగకార్డు చూపించి దర్జాగా వేలు పెట్టి సీసాలు పట్టుకుపోయారు. చెట్టును గుద్దిన పిల్లలే మళ్లీ వరసలో నిలబడ్డారు. దాని గురించి ఏ పెద్దమనిషీ మాట్లాడలేదు. వాళ్లంతా మాలలు తీసేసి, గుండెనొప్పులు తగ్గించుకుని, మళ్లీ మొదలుపెట్టే హడావిడిలో ఉన్నారు.

కొమ్మాలుకు కొలువు తిరిగొచ్చింది. ఉద్యోగుల సంఘం నరహరి సారుకు సన్మానం చేసింది. గజమాల వేశారు, శాలువా కప్పారు, ఒకాయన మైకులో ఆయనను సత్యసంధుడన్నాడు. అది విని సారుకు నవ్వొచ్చింది. ఇంత పచ్చి అబద్ధాన్ని ఇంతమంది ఇంత భక్తితో మింగుతుంటే నవ్వక ఏం చేస్తాడు? కొమ్మాలు లడ్డూల డబ్బా తెచ్చి కాళ్ల మీద పడ్డాడు. సుభాషిణి ఆ సభకు రాలేదు. ఇంట్లో ఆమె ఆయనకు అన్నం పెడుతోంది, మందులు ఇస్తోంది, అవసరమైనంతవరకే మాట్లాడుతోంది. అలిగిందిలే, నాలుగురోజులు పోతే సర్దుకుంటుందనుకున్నాడు.

శనివారం పొద్దున లడ్డూల డబ్బా సంచీలో పెట్టుకుని వసతిగృహానికి వెళ్లాడు. జమునకు ఆ రోజు భిన్నాలు ఎట్లాగైనా ఒప్పించాలని ఆయన ఆలోచన. లడ్డూను సగం, పావు చేసి చూపిస్తే ఎందుకు ఒప్పుకోదు?

గేటు ముందు మిల్లు వ్యాను నిలబడి ఉంది. డ్రైవరు పక్కన నల్లకోటు మనిషి కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. ఆఫీసు గదిలో బట్టల మూట పక్కన పెట్టుకుని జమున నిలబడి ఉంది. గుమాస్తా బల్ల మీద కాగితాలకు ముద్రలు కొడుతున్నాడు.

"ఈ పిల్లను ఎక్కడికి తోలుతున్నరు?" అన్నాడు నరహరి సారు.

"మిల్లుకు సారూ. మైనరు కాదు గద, ఈడ ఉంచరాదు. కోర్టునుంచి కాయితమొచ్చింది."

"మైనరు కాకపోవుడేంది? దానికి పదిహేను."

"మిషన్ పదిహేనన్నది. మూడేండ్లు తప్పచ్చన్నరు. మిల్లోళ్ల కాయితంల పద్దెనిమిదున్నది. సరిపాయె," అన్నాడు గుమాస్తా ముద్ర కొడుతూనే.

"నేను చెప్పింది మూడేండ్లు ఎక్కువ చూపిస్తదని. తక్కువ చూపిస్తదని కాదు."

"అటు తప్పే మిషన్ ఇటు తప్పదా సారూ?"

లోకం తెలియదని నరహరి సారు నవ్విన కూతురు ఈ మాటనే, ఇదే వరసలో చెప్పింది. తాను వెధవలనుకున్న మనుషులందరూ తనకు కావలసినంత గౌరవం ఇచ్చి, తన నోటితో తమ పని చేయించుకుని పోయారు. వాళ్లకంటే పెద్ద వెధవ ఇంకొకడున్నాడని ఆయనకు ఇప్పుడు తెలిసింది.

"యంత్రం తప్పు కాదు," అన్నాడు. గట్టిగా మళ్లీ చెప్పాడు. "యంత్రం చెప్పిందే నిజం. నేను అబద్ధం చెప్పిన. రాసుకో. ఏడికంటే ఆడికొచ్చి చెప్తా."

గుమాస్తా ముద్ర పక్కన పెట్టి, జాలిగా చూశాడు. అతనికీ యాభై దాటి ఉంటాయి.

"పెద్దమనిషివి, నీ మాట మీదనే ఆర్డరొచ్చింది. ఇప్పుడు మల్ల ఇంకో మాటంటే ఎవలు రాసుకుంటరు? ఎండల వచ్చినవు, కూసో సారూ. నీళ్లు తాగు."

బయట వ్యాను హారను కొట్టారు. జమున మూట తీసుకుంది. నరహరి సారు ఆ పిల్ల మణికట్టు పట్టుకున్నాడు.

"నువ్వు చెప్పు బిడ్డా. నాకు పదిహేనే, నేను పోనని నువ్వు చెప్పు. పిల్ల పోనంటే వాళ్లు బలవంతంగా తీసుకపోరాదు."

జమున ఆయన చేతిని మెల్లగా విడిపించుకుంది. ఆ పిల్ల ముఖంలో కోపం లేదు. తన వయసెంతో ఎప్పుడూ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు, ఈసారి పద్దెనిమిదని తేలింది సారు మాట మీదనేనని గుమాస్తా అన్నాడు కాబట్టి అదే సరైనదనుకుంది.

"పద్దెనిమిదే సారూ. లెక్కలు మీకు తెల్వయా?" అంది, చెప్పులు వేసుకుంటూ.